ఇంటి దగ్గరే ఫోర్ బై ఫోర్ బండి పని: ముందు కింద, తర్వాతే పైన

"అన్నా, జీపు తీసుకున్నా. ఏమేం వేయించాలి?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. వాళ్ల మనసులో ఉండేది పెద్ద టైర్లు, లైట్ బార్, ముందర బంపర్. నేను మాత్రం చివరగా బండి కిందికి ఎప్పుడు దూరి చూశారని అడుగుతాను. చాలామంది ఒక్కసారి కూడా చూడలేదంటారు.

కింద నూనెలు, రబ్బర్లు, బ్రేకులు సరిగ్గా లేని బండికి పైన ఏది తగిలించినా ఆ బరువు మోయాల్సింది అరిగిపోయిన భాగాలే. అందుకే పనులన్నీ నేను చేసే వరసలోనే రాస్తున్నాను. నాది 235/70 ఆర్16 టైర్లున్న పాత డీజిల్ థార్. కొత్త థార్, జిమ్నీ, జిప్సీ, గూర్ఖా ఉన్నవాళ్లకూ వరస ఇదే. నూనె గ్రేడు, నట్ల బిగింపు లాంటి అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి.

1. చోటు, సామాను

బండి నిలిపే చోటు చదునుగా ఉండాలి, సిమెంటు నేలైతే మంచిది. ఎర్రమట్టిలో జాకీ పెడితే బరువు పడగానే ఒక పక్కకు దిగబడుతుంది. సిమెంటు లేకపోతే జాకీ కింద రెండంగుళాల మందం ఉన్న చెక్క పలక వేయండి.

జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప కాళ్లు) కొన్నాకే కింద పని. మన బండ్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి నూనె మార్చడం, గ్రీజు కొట్టడం లాంటి పనులకు జాకీయే అక్కర్లేదు. కింద గోనెసంచి పరుచుకుంటే చాలు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- 3 టన్నుల ట్రాలీ జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డంగా రెండు దిమ్మెలు
- అర అంగుళం సాకెట్ సెట్, టార్క్ రెంచ్ (నట్టును చెప్పినంత బిగింపుకే బిగించేది)
- గ్రీజు గన్, లిథియం గ్రీజు
- టైరు గాలి కొలిచే గేజ్, 12 వోల్ట్ కంప్రెసర్
- పంక్చర్ కిట్
- మల్టీమీటర్
- చేతి గ్లోవ్స్, కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్
- ఒక నోటు పుస్తకం: తేదీ, కిలోమీటర్లు, చేసిన పని రాయడానికి

డబ్బు తక్కువుంటే ముందు స్టాండ్లు, టార్క్ రెంచ్ కొనండి. మిగతావి ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు.

2. మొదటి ఆదివారం: ఏమీ కొనకుండా చూడటం

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టార్చిలైటు పట్టుకుని కిందికి దూరండి. ముందు నుంచి వెనక్కి ఒకే వరసలో చూసుకుంటూ రండి.

- స్టీరింగ్ రాడ్ల చివర రబ్బరు బూట్లు చిరిగాయా
- యాక్సిల్ బూట్ల నుంచి గ్రీజు చిమ్మిందా
- గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే పెట్టె), ముందు వెనక హౌసింగ్‌లలో (యాక్సిల్ మధ్య గేర్లుండే గుండ్రటి పెట్టెల్లో) ఎక్కడైనా నూనె తడి ఉందా
- ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే క్రాసుల (షాఫ్ట్ చివరల్లో ఉండే కీళ్ల) దగ్గర టక్కుమంటోందా
- బ్రేకు గొట్టాల మీద బీటలు ఉన్నాయా
- కమాన్ పట్టీల్లో ఏదైనా విరిగిందా, యూ బోల్టులు వదులయ్యాయా
- ఛాసిస్‌లో నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయాయా

ఇందులో తేలిన రిపేర్లన్నీ అయ్యాకే కొత్త సామాను మాట ఎత్తండి. ఈ ఒక్క నియమం పాటిస్తే వచ్చే ఖర్చు సగం తగ్గుతుందని నా అనుభవం.

3. నూనెలు: ఇంజిన్ ఒక్కటే కాదు

ఇంజిన్ ఆయిల్ అందరూ మారుస్తారు. ఫోర్ బై ఫోర్‌లో ఇంకో నాలుగు చోట్ల నూనె ఉంటుంది: గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్. డిఫరెన్షియల్‌కు స్పేర్ పార్ట్స్ షాపుల్లో హౌసింగ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు.

వరస ఇది:

1. బండిని ఒక ఐదు కిలోమీటర్లు నడిపి రండి. నూనె వెచ్చబడితే తేలిగ్గా దిగుతుంది.
2. చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టండి.
3. ముందు పైనున్న నింపే ప్లగ్ విప్పండి. అది వచ్చాకే కింద ప్లగ్ మీద చెయ్యి వేయండి.
4. కింద ప్లగ్ విప్పి నూనెను డబ్బాలోకి దించండి.
5. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద చేరినదాన్ని వేలితో రుద్ది చూడండి.
6. కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగించండి.
7. నింపే రంధ్రం అంచు నుంచి నూనె సన్నగా కారడం మొదలయ్యేదాకా పోయండి. ఆ కారడం ఆగాక ప్లగ్ పెట్టండి.

మూడో మెట్టును తేలిగ్గా తీసుకోకండి. ఒక వర్క్‌షాప్‌లో నా బండికి పాత నూనె మొత్తం దించేశాక చూస్తే, నింపే ప్లగ్ తుప్పుపట్టి కదల్లేదు. నూనె లేని హౌసింగ్‌తో బండి ఆ రాత్రంతా అక్కడే ఉండిపోయింది. పై ప్లగ్ ముందు విప్పి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

అయస్కాంతం మీద నల్లటి మెత్తటి ముద్ద కనిపిస్తే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే లోహపు పెళ్లలు కనిపిస్తే పళ్ల చక్రాలో బేరింగులో దెబ్బతింటున్నట్టు, హౌసింగ్ విప్పించాల్సిందే. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి.

హౌసింగ్‌లకు మామూలుగా జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 (ఇవి గేర్ నూనె డబ్బా మీద ఉండే గ్రేడులు) వాడతారు. అదే నూనెను మాన్యువల్ చూడకుండా గేర్ బాక్స్‌లో పోయకండి. చాలా గేర్ బాక్స్‌లకు జీఎల్-4 కావాలి. జీఎల్-5లో ఉండే కొన్ని మందులు లోపలి ఇత్తడి రింగులను తినేస్తాయి, ఆ తర్వాత గేర్లు గరగరమంటాయి.

దించిన నూనెను కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయకండి. డబ్బాలో పట్టి, వాడిన నూనె కొనేవాళ్లకు ఇవ్వండి.

4. బ్రీదర్ పైపు: చిన్న ఖర్చు, పెద్ద రక్ష

ఇంట్లో చేసుకోదగ్గ అప్‌గ్రేడ్‌లలో నేను మొదట చెప్పేది ఇదే.

కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో మా మామిడి తోట దారిలో వంక దాటాను. నీళ్లు చక్రం సగం పైదాకా వచ్చాయి. బండి దాటేసింది కదా అని నూనె చూడలేదు. సంక్రాంతికల్లా యాభై వేగంలో వెనక నుంచి ఊళ పెట్టినట్టు శబ్దం మొదలైంది. విప్పితే నూనె తెల్లగా ఉంది, బేరింగుల మీద తుప్పు చుక్కలు ఉన్నాయి. బేరింగులు, సీళ్లు అన్నీ మార్చాల్సొచ్చింది.

అలా ఎందుకవుతుందంటే, నడిచేటప్పుడు హౌసింగ్ వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, పైనున్న బ్రీదర్ అనే చిన్న మూతలోంచి బయటికి పోతుంది. ఆ వేడి హౌసింగ్ ఒక్కసారిగా వంక నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. అప్పుడు బ్రీదర్ నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేవి నీళ్లే. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల పక్క నుంచి లాగుతుంది.

పరిష్కారం బ్రీదర్‌ను ఎత్తుకు తీసుకెళ్లడం:

1. హౌసింగ్ పైనున్న బ్రీదర్ చుట్టూ మట్టిని బ్రష్‌తో పూర్తిగా తుడవండి. మట్టి ఉండగా విప్పితే అది లోపలే పడుతుంది.
2. బ్రీదర్ విప్పి, ఆ రంధ్రం మరకు (స్క్రూ గాళ్లకు) సరిపోయే పైపు నిపుల్ బిగించండి. పాత బ్రీదర్‌ను షాపుకు తీసుకెళ్తే మర సైజు తప్పదు.
3. నూనెకు, వేడికి తట్టుకునే రబ్బరు గొట్టం తొడిగి క్లిప్ వేయండి. తోటకు వాడే నీళ్ల పైపు పనికిరాదు, వేడికి మెత్తబడి మడత పడుతుంది.
4. ముందు గొట్టాన్ని ఇంజిన్ గది పైభాగానికి, వెనక గొట్టాన్ని డీజిల్ పోసే మూత ఎత్తుకు తీసుకెళ్లండి.
5. యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది. కాబట్టి హౌసింగ్ దగ్గర అర అడుగు గొట్టం వదులుగా ఉంచండి. సైలెన్సర్‌కు జానెడు దూరంలోనైనా ఉండాలి.
6. పై చివర చిన్న ఫిల్టర్ పెట్టి, రంధ్రం కిందికి చూసేలా కట్టండి.

అయ్యాక ఫిల్టర్ తీసి, పై చివర నోటితో మెల్లగా ఊదండి. గాలి తేలిగ్గా పోవాలి. అడ్డం తగిలితే ఎక్కడో మడత పడింది. కేబుల్ టైలతో కట్టేటప్పుడు గట్టిగా లాగి గొట్టాన్ని నొక్కేయడం చాలామంది చేసే తప్పు.

గ్రీజు పని కూడా ఇదే రోజు పూర్తి చేయండి. క్రాసులకు, షాఫ్ట్ స్లీవుకు, గ్రీజు నిపుల్ ఉన్న ప్రతిచోటా ముందు నిపుల్ తుడిచి గన్ పెట్టాలి. పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడగానే ఆపండి.

5. టైర్లు

మన దారుల్లో రాళ్లు, ఎర్రమట్టి, వంక ఇసుక, మధ్యలో తారు రోడ్డు అన్నీ ఉంటాయి. వారంలో ఐదు రోజులు తిరుపతిలో తిరిగే బండికి ఆల్ టెర్రెయిన్ రకం చాలు. మడ్ టెర్రెయిన్ టైర్లు తారు మీద హోరెత్తుతాయి, వాన తడిలో బ్రేకు పట్టు కూడా తక్కువ.

సైజు కంపెనీ మీ మోడల్‌కు చెప్పినదే ఉంచండి. లెక్క వేసి చూపిస్తాను. 235/70 ఆర్16 టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు, 245/75 ఆర్16 సుమారు 774. తేడా 5 శాతం. అంటే మీటరు 80 చూపిస్తుంటే నిజానికి 84లో పోతున్నట్టు. బరువు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, ఆపడానికి బ్రేకుకు ఎక్కువ శ్రమ. కంపెనీయే రెండు సైజులు ఇచ్చిన మోడల్ అయితే ఇబ్బంది లేదు.

కొనేముందు టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైనట్టు. ఏళ్లుగా గోడౌన్‌లో ఉన్న టైరు తక్కువ ధరకు వచ్చినా వద్దు.

గాలి విషయంలో నేను పాటించేది:

- తారు రోడ్డు: తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి
- రాళ్ల దారి: 22 పీఎస్‌ఐ చుట్టూ
- స్వర్ణముఖి లాంటి మెత్తటి ఇసుక: 16 నుంచి 18
- 15 కంటే కిందికి వద్దు, మలుపులో టైరు రిమ్ నుంచి ఊడిపోవచ్చు

తారు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపడం మరచిపోవద్దు. మే నెల ఎండలో తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి పగులుతుంది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50, 100 కిలోమీటర్ల మధ్య నట్లను టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి.

6. గాలి, నీళ్లు

ఎయిర్ ఫిల్టర్‌ను నేలకేసి కొట్టి దులపడం ఆపేయండి, కాగితం మడతలు విడిపోతాయి. తక్కువ ఒత్తిడి గాలిని లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. ఫిల్టర్ తీసినప్పుడు, అది దాటాక వచ్చే పైపు లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రటి దుమ్ము అంటితే ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోవడం లేదు, దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్ల ఉప్పు బిందెల అడుగున తెల్లగా పేరుకోవడం అందరం చూస్తున్నదే, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి. వేడిగా ఉండగా మూత తీయొద్దు.

బయట చేరిన మట్టి, గడ్డి గింజలను ఇంజిన్ వైపు నుంచి ముందుకు మెల్లని ధారతో కడగండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు పడుకుండిపోయి గాలి ఆడదు.

స్నార్కెల్ (ఇంజిన్‌కు గాలిని ఎత్తు నుంచి తెచ్చే గొట్టం) గురించి ఒక్క మాట. అది ఇంజిన్ పీల్చే గాలిని మాత్రమే కాపాడుతుంది. కొత్త థార్‌కు కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, స్నార్కెల్ పెట్టినంత మాత్రాన ఆ అంకె మారదు.

7. బ్రేకులు: ఘాట్ రోడ్డు ఉన్న ఊరు మనది

తిరుమల, భాకరాపేట, మొగిలి. ఎటు వెళ్లినా దిగుడు ఉంటుంది. అదనపు బరువులు తగిలించిన బండికి బ్రేకు పరీక్ష అక్కడే.

- బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 155కి పడిపోవచ్చు. మరిగితే పెడల్ మెత్తగా నేలకు పోతుంది.
- ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయండి.
- వెనక డ్రమ్ములుంటే, వంక దాటిన వారంలో విప్పి లోపలి ఇసుక శుభ్రం చేయండి. ఆ దుమ్మును గాలితో ఊదకండి, మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో కడగండి.

దిగేటప్పుడు రెండో గేరులో, అవసరమైతే ఒకటిలో, ఇంజిన్ పట్టుతో దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు.

8. లాగే కొక్కేలు

బండి ఇరుక్కున్నప్పుడు తాడు తగిలించే చోటు ఛాసిస్‌కు బోల్టులతో బిగించినది కావాలి. ట్రాలీ తగిలించే గుండు బంతికి ఎప్పుడూ తాడు వేయకండి. అది విరిగి ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. షాకిల్ (తాడును కొక్కేనికి కలిపే ఇనుప కడియం) మీద మోయగల బరువు ముద్రించి ఉండాలి. ముప్పావు అంగుళం బో షాకిల్‌కు 4.75 టన్నులని ఉంటుంది. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, అందరినీ తాడు పొడవుకంటే దూరంగా నిలబెట్టండి.

9. లైట్లు

55 వాట్ల లైట్లు రెండు పెడితే 110 వాట్లు, 12 వోల్ట్‌ల దగ్గర సుమారు 9 ఆంపియర్లు. ఇంత కరెంటు డాష్‌బోర్డు స్విచ్చి గుండా పోకూడదు. బ్యాటరీకి అడుగు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజ్, తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), అక్కడి నుంచి లైట్లు. స్విచ్చి రిలేను మాత్రమే కదిలించాలి. ఇళ్లకు వాడే వైరు కాకుండా బండ్లకు అమ్మే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. ఎర్త్ తగిలించే చోట పెయింట్ గీకండి. రోడ్డు మీద ఈ లైట్లకు మూత వేసే ఉండాలి, ఎదుటివాడి కళ్లు పోగొట్టే హక్కు మనకు లేదు.

10. ఇంట్లో చేయకూడనివి, అసలు చేయకూడనివి

కాయిల్ స్ప్రింగు విప్పడం ఇంట్లో వద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ఎముకలు విరుగుతాయి. షాక్ అబ్జార్బర్లు స్ప్రింగుకు విడిగా ఉంటేనే మార్చుకోవచ్చు.

రెండంగుళాలు ఎత్తు పెంచుదామనుకునేవాళ్లు ముందు ఇది తెలుసుకోండి: షాఫ్ట్ కోణం మారి క్రాసులు త్వరగా పోతాయి, బ్రేకు గొట్టం పొడవు చాలకపోవచ్చు, మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది. తోట దారులకు మంచి టైర్లు, కింద రక్షణ రేకు చాలని నా అభిప్రాయం.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. అవి ఎయిర్‌బ్యాగ్ పనిని చెడగొట్టగలవు, గుద్దుకున్న పాదచారికి ఇంకా ప్రమాదం.

పని అయ్యాక పరీక్షించడానికి శేషాచలం అడవి దారుల్లోకి వెళ్లకండి. అది రక్షిత ప్రాంతం, ఎర్రచందనం ఉన్న చోటు. అనుమతి లేకుండా దూరితే కేసే. తెలిసినవాళ్ల తోటో బీడు భూమో అడిగి తీసుకోండి. నెలకోసారి అక్కడ ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే మామూలు వేగపు గేరు) వేసి కొన్ని కిలోమీటర్లు మట్టి మీద నడిపితే ముందు భాగాలకు నూనె అందుతుంది. పొడి తారు మీద మాత్రం ఫోర్ హై వేయొద్దు, షాఫ్టులు మెలితిరిగి బిగుసుకుంటాయి.

11. తిరిగొచ్చిన సాయంత్రం

- సైలెన్సర్ చుట్టూ చిక్కుకున్న ఎండుగడ్డి తీసేయండి. వేసవిలో దాన్నుంచే నిప్పు అంటుకుంటుంది.
- రిమ్ముల లోపలి మట్టి కడగండి. హైవే మీద స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్‌కు పరుగెత్తే ముందు ఇదే చూడండి.
- నీళ్లలో దిగి ఉంటే మర్నాడు పొద్దున నాలుగు చోట్లా నూనె రంగు చూడండి.
- డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దించండి.

ఇక సర్కారు తుమ్మ ముళ్లు. అవి గుచ్చుకున్నాక పైభాగం విరిగి, మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది. సబ్బునీళ్లు టైరంతా చల్లి, బుడగ లేచిన ప్రతిచోటా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. శ్రావణంతో ముల్లు పూర్తిగా లాగి, రంధ్రాన్ని సూదితో శుభ్రం చేసి, రబ్బరు పట్టీకి జిగురు రాసి దూర్చండి. పక్కగోడలో దిగిన ముల్లుకు పట్టీ పనికిరాదు, స్టెప్నీ వేసుకోవాల్సిందే. తెల్లారి మళ్లీ గాలి కొలవండి. 2 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తగ్గిందంటే ఇంకో ముల్లు ఎక్కడో మిగిలే ఉంది.